పులి మొరగదు

కుక్కకు చెమట పట్టదన్న సంగతి అరవై దగ్గరపడుతున్నా రాజలింగుకు తెలియదు. తెలియకపోవడం నేరమేమీ కాదు. లోకంలో చాలామందికి చాలా సంగతులు తెలియవు, వాళ్ల ఇళ్లలోనూ కుక్కలు బతుకుతూనే ఉంటాయి. రాజలింగుతో వచ్చిన చిక్కల్లా ఒకటే. తనకు తెలియనిది ఇంకొకరికి తెలిసి ఉండడం ఆయనకు గిట్టదు. ఆ ఇంకొకరు సొంత కోడలైతే అసలే గిట్టదు.

కోడలు సౌందర్యది జఫర్‌గఢ్. లింగాల ఘనపూర్ దాటాక వచ్చే ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో, ఒకసారి తల్లిగారింటి నుంచి తిరిగొస్తూ కూరగాయల సంచిలో కుక్కపిల్లను పెట్టుకుని, కండక్టరుకు కనబడకుండా పైన తోటకూర కట్ట కప్పి బస్సెక్కింది. దారంతా అది ఆ తోటకూరను నములుతూనే ఉంది. ఒళ్లంతా తెలుపు, ఒక చెవి నిక్కి ఉండేది, ఒక చెవి వాలి ఉండేది. సిపాయి అని పేరు పెట్టుకుంది. రాజలింగు దాన్ని 'అది' అనేవాడు, సౌందర్య 'వాడు' అనేది. ఈ కథలో మనం సౌందర్య పక్షం కాబట్టి మనకూ వాడే.

ఎండలు ముదిరితే సౌందర్యకు పొద్దున్నే మొదటి పని సిపాయిదే. పశువుల కుడితి గోలెం పక్కన, గోడ నీడ పడే చోట చిన్న గుంత తీసి నీళ్లు చల్లేది. వాడు ఆ తడిమట్టికి పొట్ట ఆనించి, కాళ్లు నాలుగు దిక్కులా చాపుకుని పడుకునేవాడు. మధ్యాహ్నానికి గుంత ఎండిపోతే గోనెసంచి తడిపి పరిచేది. మట్టిచిప్పలో నీళ్లు పోసి, పలచటి మజ్జిగలో అన్నం పిసికి పెట్టేది. వాణ్ని సీసీ రోడ్డు మీదికి తీసుకుపోవాల్సి వస్తే ముందు తన అరచేయి రోడ్డుకు ఆనించి చూసేది. తనకు కాలితే వాడికీ కాలుతుందని వెనక్కి తిప్పుకొచ్చేది. "కుక్కకు ఒంటిమీద శెమట రాదు బిడ్డా, దాని శెమటంత నాలికెమీదనే, నోరు తెర్శి రొప్పితేనే సల్లవడ్తది" అని చిన్నప్పుడు వాళ్ల బాపు చెప్పిన మాట ఆమె మరిచిపోలేదు.

"పిల్లల్లేని ఇంట్ల కుక్కకు ఉయ్యాల కట్టేటట్టున్నరు" అని వాడకట్టులో ఆడవాళ్లు మూతులు తిప్పుకునేవాళ్లు. సౌందర్య విననట్టే ఉండేది. వినకుండా ఎలా ఉంటుంది, వినేది, రాత్రికి భర్త ఎల్లేశ్‌తో చెప్పుకునేది. ఎల్లేశ్ జనగామలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. ఆమె చెప్పేదంతా ఫోన్ చూస్తూ వినేవాడు, అంటే వినేవాడు కాదు.

ఆ వాడలో సిపాయికి తోడు ఒకడుండేవాడు. పక్కింటి కొమురవ్వ కుక్క, పేరు ఎర్రోడు. కొమురవ్వ మేకలు కాసుకునే మనిషి, ఆమె మేకలు రాజలింగు చెలకలోనే మేస్తాయి. ఎర్రోడికి పేరుకు ఆమే యజమాని గానీ అన్నం మాత్రం సౌందర్య చేతిది. పిరికివాడు, ఎవరు చెయ్యి చాచినా దూరం జరిగేవాడు, కొమురవ్వక్కూడా దొరికేవాడు కాదు. సౌందర్య పిలిస్తే మాత్రం వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించేవాడు.

ఆ ఏడు రాజలింగు మామిడితోట గుత్తకు పట్టాడు. కాయ బాగా దిగింది. ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే ముందు గుట్ట మీది కోతులు మెచ్చుకున్నాయి.

ఒక్కో కాయను ఒక్క కొరుకు కొరికి పారేయడం కోతుల పద్ధతి. రాజలింగు పటాకులు కాల్చాడు, రెండు రోజులు బెదిరాయి. రేకు డబ్బాలు కొట్టించాడు, అలవాటు పడ్డాయి. జనగామకు పోయి పెద్ద పులిబొమ్మ తెచ్చి కొమ్మకు కట్టాడు. మొదటిరోజు మూకంతా కిచకిచమని గుట్టెక్కింది. కొద్దిరోజులకు ఒక ముసలి కోతి ఆ పులి మెడ మీద కూర్చుని దానికి పేలు చూడడం రాజలింగు తన కళ్లతో చూశాడు. ఆ సాయంత్రానికి పులి కడుపులోని దూది తోటంతా పరుచుకుని ఉంది. ఆయనకు ఒళ్లు మండింది, అన్నం సరిగా తినలేదు.

అప్పుడు ఎల్లేశ్ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో ఎవరో రైతు తన కుక్కకు పులిచారలు గీసి తోటలో తిప్పుతున్నాడు.

రాజలింగు ఆ వీడియోను మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూశాడు. తర్వాత తలెత్తి, గోలెం పక్కన తడిమట్టిలో పడుకున్న సిపాయి వైపు చూశాడు. ఆ చూపు సౌందర్యకు నచ్చలేదు.

రంగు కోసం బజారుకు పోనక్కర్లేకపోయింది. ఊళ్లో అందరూ ట్రాక్టర్లకు మారినా రాజలింగు ఎడ్లజతను అమ్మలేదు. ఏటా ఏరువాక పున్నమికి వాటి కొమ్ములకు రంగులు వేయడం ఆయనకు పెద్ద సంబరం. పోయిన ఏడు మిగిలిన పసుపు రంగు డబ్బా, నల్ల రంగు డబ్బా అటక మీద ఉన్నాయి. గేట్లకూ కిటికీలకూ వేసే చిక్కటి నూనె రంగు అది. దించి, మూత పొడిచి, కట్టెపుల్లతో కలపడం మొదలుపెట్టాడు.

"మామా, కుక్కకు గీ రంగు పూస్తే ఎట్ల" అంది సౌందర్య. "ఎంటికెలన్ని అట్టగడ్తయి. గాలాడది. ఎండకు కాలుతది."

"ఏటేట ఎడ్లకు ఏస్తలేమా. ఒక్క ఎద్దన్న సచ్చిందా?"

"ఎడ్లకు ఏసేది కొమ్ములకు. కొమ్ముకు ఏం తెలుస్తది. గిది తోలు గద."

"పసరానికి కొమ్మైతేంది తోలైతేంది. నాకు ఎవుసం నేర్పుతానవా?"

సౌందర్య భర్త వైపు చూసింది. ఎల్లేశ్ గోడకానుకుని ఫోన్ కెమెరా తుడుచుకుంటున్నాడు. "ఒక్క వారం దినాలేనే, కాయ తెంపేదాంక" అన్నాడు. ఏ కష్టమైనా ఇంకొకరికి వచ్చినప్పుడు దాన్ని వారం దినాలకు కుదించి చెప్పడం ఎల్లేశ్‌కు బాగా వచ్చు.

రాజలింగు కుంచె పట్టుకుని దగ్గరికి పోతే సిపాయి పళ్లు చూపించాడు. రెండోసారి పోతే మణికట్టు అందుకోబోయాడు. "కాళ్లు కట్టి పండవెడ్త, మూతికి తీగ సుడ్త" అన్నాడు రాజలింగు, నిజంగానే తీగచుట్ట కోసం లేచాడు. సౌందర్యకు ఇంక దారి కనబడలేదు. తనే కింద కూర్చుని, సిపాయి తలను ఒళ్లో పెట్టుకుని, మెడ చుట్టూ చెయ్యేసి పట్టుకుంది. ఆమె పట్టుకుంటే వాడు కదల్లేదు. చల్లటి రంగు వీపు మీద పడినప్పుడల్లా చర్మం జలదరించేది, వాడు ఆమె మోచేతిని నాకేవాడు. ముందు ఒళ్లంతా పసుపు పూశారు. అది ఆరాక నల్లచారలు. పని అయ్యేసరికి సౌందర్య చీర కొంగు నిండా పసుపు మరకలు. ఎల్లేశ్ వీడియో తీస్తూ, "వాడి మొఖం జర ఇటు తిప్పవే" అంటున్నాడు.

తోట నడుమ మంచె ఉంది, దాని మీద కొబ్బరిమట్టల కప్పు ఉంది. నీడలో ఉంటే పులి కోతులకు కనబడదని రాజలింగు ఆ కప్పు పీకించేశాడు. సిపాయిని మంచె మీదికెక్కించి పొట్టి గొలుసుతో కట్టేశాడు. పొద్దున కట్టేసి ఎండెక్కకముందే ఇంటికి తోలుకొస్తానని మొదట మాటిచ్చాడు. రెండు రోజులు ఆ మాట మీద ఉన్నాడు కూడా. కోతులు నిజంగానే బెదిరిపోయాయి. తోట గట్టు మీది చింతచెట్టు చిటారున కూర్చుని, పసుపుపచ్చటి ఆ జంతువును చూసి, పిల్లలను పొట్టకు కరుచుకుని గుట్ట వైపు ఉరికాయి. రాజలింగు తోటలో నిలబడి పకపకా నవ్వాడు. అలా నవ్వి చాలా ఏళ్లయింది.

ఎల్లేశ్ వీడియో పక్క ఊళ్లకు పాకింది. రఘునాథపల్లి నుంచి కూడా బండ్ల మీద వచ్చి పులితో ఫోటోలు దిగి పోయారు. రాజలింగును పులి రాజలింగు అనడం మొదలుపెట్టారు. ఆయన మీసం దువ్వుకోవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం వచ్చేవాళ్లకు పులి కనబడకపోతే ఎలా, అందుకని పొద్దున కట్టిన కుక్కను పొద్దుగూకే దాకా విప్పడం మానేశాడు.

ఎండ నిప్పులు చెరుగుతోంది. సౌందర్య రోజూ మిట్టమధ్యాహ్నం నీళ్ల బిందె చంకనెత్తుకుని, తడిగోనె నెత్తిన వేసుకుని తోటకు పోయేది. ఇదివరకు నీళ్లు పోస్తే సిపాయి బొచ్చులోకి ఇంకి, వాడు చల్లబడి విదిలించుకునేవాడు. ఇప్పుడు పోసిన నీళ్లు రేకు మీంచి జారినట్టు జారి మంచె కిందికి పోతున్నాయి. రంగు పెచ్చు కట్టిన చోట చెయ్యి పెడితే పెనంలా కాలేది. చంకల దగ్గర రంగు పగిలి కింద ఎర్రగా పుండు పడింది. వాడు మాత్రం దూరాన ఆమె కనబడగానే లేచి నిలబడేవాడు. గొలుసు సాగినంత దూరం సాగి, తోక ఊపుతూ, గొంతు పగిలేలా మొరిగేవాడు. ఆమెకు అంతకంటే కావలసిన పిలుపు ఈ లోకంలో లేదు.

ఆ మొరుగుడు చింతచెట్టు మీది కోతులూ విన్నాయి.

అవి తెలివితక్కువవి కావు. కొద్దిరోజులు చెవులు రిక్కించి విన్నాయి. ఒకనాడు ఒక గండుకోతి మంచెకు దగ్గరి చెట్టు దాకా వచ్చి, ఒక కాయ తెంపి, ఒక్క కొరుకు కొరికి, మిగిలింది సిపాయి నెత్తిన విసిరింది. సిపాయి మొరిగాడు. గండుకోతి మూక వైపు తిరిగి చూసింది. ఆ మధ్యాహ్నం మూకంతా దిగి ఒక వరస చెట్లను ఊడ్చిపెట్టింది.

రాజలింగు ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. తర్వాత అన్నాడు: "పులి మొరుగుతదారా?"

ఎల్లేశ్ ఫోన్లోంచి తలెత్తాడు. "పులి మొరగది బాపు."

"అగో. తప్పు గక్కడున్నది." ఆయన కోడలి వైపు తిరిగాడు. "నువ్వు పోయినప్పుడే అది మొరుగుతాంది. నిన్ను సూస్తెనే దానికి గంత సంబురం. రేపటి సంది నువ్వు తోట దిక్కు రాకు. మూతికి గుడ్డ కడ్త."

"మామా, నీ కాళ్లు మొక్కుత, మూతి కట్టకున్రి. నోరు తెర్శి రొప్పకపోతే కుక్క బతకది. దాని శెమటంత నాలికె మీదనే ఉంటది. గీ ఎండల మూతి కడితే సస్తది."

"ఎవలు చెప్పిన్రు?"

"మా బాపు."

అదే ఆమె చేసిన పొరపాటు. ఏ డాక్టరో చెప్పాడని ఉంటే రాజలింగు ఒక్క క్షణం ఆగేవాడేమో. వియ్యంకుడు చెప్పాడనగానే ఆయన చెవులు మూసుకుపోయాయి. అయినా కోడలి కళ్లనీళ్లు చూసి కొంచెం తగ్గాడు. "పొద్దుగాల కోతులు దిగే యాళ్లకే కడ్త. ఎండెక్కంగనే నేనే ఇప్పుత. నా మాట మీద నమ్మకం లేదా?"

నమ్మకం లేదని మామ ముఖం మీద చెప్పగలిగే కోడళ్లు ఉంటారు. సౌందర్య ఆ రకం కాదు. పైగా తను పట్టుకోకపోతే తీగతో కడతారు. తనే అయితే మెత్తటి గుడ్డతో, వదులుగా కట్టొచ్చు. మర్నాడు తెల్లవారగానే తన పాత చీర అంచు చింపి తోటకు తీసుకుపోయింది. "దా, సిపాయ్" అనగానే వాడు మూతి తెచ్చి ఆమె అరచేతుల్లో పెట్టాడు. వేలు పట్టేంత వదులుంచి ముడి వేసింది. రాజలింగు మంచె ఎక్కి చూసి, ఆ సందులో వేలు పెట్టి, "గిట్ల కడితే గీసుకుంటే ఊడుతది" అని ముడి విప్పకుండానే రెండు కొసలూ పట్టి బిగలాగాడు. ఆమె పట్టుకుని ఉంది కాబట్టి వాడు ఆయన్ను కరవలేదు.

ఆ రోజే వరంగల్ నుంచి కాయ కొనేవాళ్లు వచ్చారు. ఇద్దరు పెద్దమనుషులు, కారు, కారులో ఏసీ. తోట చూశారు, పులిని చూసి మురిసిపోయారు, బేరం కుదిరింది. రాజలింగు వాళ్లను భోజనానికి ఇంటికి తీసుకొచ్చాడు. ఇంట్లో సౌందర్య పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గరే ఉంది. కోడిని కోయించి కూర పెట్టమని ఎల్లేశ్ తోట నుంచే ఫోన్లో చెప్పాడు.

మామ గడప దాటి లోపలికి రాగానే ఆమె వంటింటి తలుపు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మామా, సిపాయి మూతి ఇప్పిన్రా?"

"ఇప్పిన, ఇప్పిన. ముందుగాల నీళ్లియ్యి, సార్లు కూసున్నరు."

ఆమె నీళ్లిచ్చింది. విస్తర్లు వేసింది. కూర వడ్డించింది, మళ్లీ వడ్డించింది. బయట రేకుల మీద ఎండ పెటపెటలాడుతోంది. పెద్దమనుషుల వీపుల వెనక రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆమెకు మనసులో ఒకటే ఉంది, వీళ్లు తిని లేవగానే నీళ్లబిందెతో తోటకు ఉరకాలి, వద్దన్నా సరే.

"రాజలింగన్నా, నీ పులి మాత్రం మస్తుందే" అన్నాడు ఆ ఇద్దరిలో లావుపాటాయన, ఎముక చప్పరిస్తూ. "అన్ని ఫోటోలు దిగినం, కిక్కురుమనలే. అవ్ గని, మూతికి గా గుడ్డెందుకు కట్టినవ్?"

రాజలింగు చెయ్యి విస్తరి మీదే ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత నవ్వి, "పులి గద సార్, మొరుగొద్దని" అన్నాడు. అందరూ నవ్వారు.

గరిటె కింద పడిన చప్పుడు వాళ్ల నవ్వులో కలిసిపోయింది. సౌందర్య చెప్పులు కూడా వేసుకోలేదు. రోడ్డుకు అరచేయి ఆనించి చూసే మనిషి, ఆ రోడ్డు మీద ఉత్తికాళ్లతో తోట దాకా ఉరికింది. అరికాళ్లు కాలి బొబ్బలెక్కాయి. ఆ సంగతి సాయంత్రం కూర్చున్నాక గానీ ఆమెకు తెలియలేదు.

మంచె అంచు నుంచి సిపాయి తల కిందికి వేలాడుతోంది. గొలుసు మెడను పైకి లాగుతోంది. ఎక్కడైనా నీడ దొరుకుతుందేమోనని దిగబోయి, గొలుసు చాలక అక్కడే ఆగిపోయినట్టున్నాడు. మూతిగుడ్డ తడిసి, నురగ పట్టి, ఆ నురగా ఎండి గట్టిపడింది. గుడ్డను పీక్కోవాలని ముందుకాళ్లతో గీసుకున్నాడు, ముక్కు మీద చర్మం లేచిపోయింది. సౌందర్య మంచె ఎక్కి ముడి విప్పబోయింది. తను వేసిన ముడే, మామ బిగలాగిన ముడి, వేళ్లకు రాలేదు. పళ్లతో కొరికి తెంపింది. నోరు తెరుచుకుంది. నాలుక నేరేడుపండు రంగుకు మారి లావెక్కి ఉంది. గుర్తొచ్చిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ మంచె కింద కుండలోని నీళ్లు తెచ్చి పోసింది. ఒక పక్క నుంచి పోసిన నీళ్లు ఇంకో పక్క నుంచి కారిపోయాయి.

"సిపాయ్, నేను రా" అంది.

వాడి తోక లేచి చెక్క మీద ఒకసారి తట్టింది. ఇంకోసారి తడుతుందేమోనని ఆమె ఆ తోకనే చూస్తూ కూర్చుంది. తట్టలేదు.

పెద్దమనుషులను సాగనంపి రాజలింగు, ఎల్లేశ్ బండి మీద వచ్చారు. సౌందర్య తల ఎత్తలేదు. "ఇప్పిన అంటివి గద మామా" అంది.

"మర్శిన" అన్నాడు రాజలింగు. "గాళ్లు వచ్చిన సంబురంల మర్శిన. నేను కావాల్నని చేసిన్నా?" ఆయన గొంతులో కొంచెం బెరుకుంది, అది నిజం. ఆ బెరుకు అలాగే ఇంకాసేపు నిలిచి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. కానీ ఆయన చూపు చింతచెట్టు మీదికి పోయింది. కోతులన్నీ అక్కడే ఉన్నాయి. మంచె వైపే చూస్తున్నాయి. దిగడం లేదు.

"ఎల్లేశా" అన్నాడు నెమ్మదిగా. "అవి దిగుతలేవు రా."

ఎల్లేశ్‌కు అర్థం కాలేదు.

"మొరుగుతలేదని భయపడ్తానయి. సచ్చిందని వాటికేం తెలుస్తది. రెండు దినాలైతే కాయ తెంపుతరు. గప్పటిదాంక ఉండనియ్యి."

సౌందర్య సిపాయిని రెండు చేతులతో పొదివిపట్టుకుంది. ఇయ్యనంది. జీవితంలో మొదటిసారి మామను నోటికొచ్చినట్టు తిట్టింది, నువ్వు మనిషివి కావంది, నీ కడుపు కాల అంది. ఎల్లేశ్ వచ్చి ఆమె చేతులు విడదీశాడు, అంత గట్టిగా ఆమె చెయ్యి అతను పెళ్లినాడు కూడా పట్టుకోలేదు. "కుక్కే గదనే. ఇంకోటి తెచ్చుకుందాం తియ్యి" అన్నాడు. అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు పేర్చి, నడుమ సిపాయిని కూర్చోబెట్టారు. తల వాలిపోతుంటే గడ్డం కింద పంగలకర్ర ఆనించారు.

బతికిన పులి కంటే చచ్చిన పులి బాగా పనిచేసింది. మొరగలేదు, నీళ్లడగలేదు, ఎవరినీ చూసి తోక ఊపలేదు. తెంపిన కాయంతా క్షేమంగా లారీ ఎక్కింది. అప్పటికి వాసన మొదలైతే ఎల్లేశ్ మూతికి రుమాలు కట్టుకుని, కాళ్లకు తాడేసి గుట్ట దిక్కు ఈడ్చేసి వచ్చాడు. ఇంటికొచ్చి స్నానం చేసి, పులిచారల సిపాయి ఫోటోకు ఫోన్లోనే పూలదండ వేసి, 'మిస్ యూ రా సిపాయి' అని స్టేటస్ పెట్టాడు. చాలామంది ఏడుపు బొమ్మలు పంపారు. జనగామలో దుకాణం యజమాని కూడా పంపాడని సంతోషపడ్డాడు.

సౌందర్య గోలెం పక్కన గుంతలో నీళ్లు చల్లడం మానేసింది. ఎర్రోడు మాత్రం రావడం మానలేదు. మధ్యాహ్నం కాగానే వచ్చి, ఎండిపోయిన ఆ గుంతను వాసన చూసి, ఇటూ అటూ వెతికి, ఆమె పాదాల మీద గడ్డం ఆనించేవాడు. ఆమె మజ్జిగన్నం పెట్టేది. వాడు తింటున్నంతసేపూ వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చునేది.

రాజలింగు ఒకరోజు ఆ దృశ్యాన్ని మంచం మీద నుంచి చూశాడు. ఆయన మనసు ఇప్పుడు చివరి కోతకు ఉంచిన ఆలస్యపు కాయ మీద ఉంది. తోటలో గుట్ట వైపు వరసల్లో అది ఇంకా చెట్ల మీదే ఉంది. కోతులు మళ్లీ దిగుతున్నాయి.

"గీడు ఎర్రగనే ఉన్నడు" అన్నాడు. "పసుపు పూసే పని సుత లేదు. నల్లచారలు పెడితే సాలు."

సౌందర్య చెయ్యి ఎర్రోడి వీపు మీదే ఆగిపోయింది.

"కొమురవ్వను అడిగిన. 'తీస్కపో అన్నా, దానికేమున్నది' అన్నది. గని ఎవలకు దొరకడట. నీకు దొరుకుతడు గద." ఆవలించాడు. "రేపు పొద్దుగాల జర పట్టు. ఈసారి యాది మరువ, ఇప్పుత."

కొమురవ్వకు చెప్పుకుని లాభం లేదు. రాజలింగు చెలక కాదంటే ఆమె మేకలకు మేత లేదు. ఎల్లేశ్‌కు చెప్పుకోవడం గోడకు చెప్పుకోవడమే. ఎర్రోణ్ని దాచిపెడదామన్నా మధ్యాహ్నానికి తనను వెతుక్కుంటూ వాడే వస్తాడు. వాడికి ఈ ఊళ్లో భయం లేనిది ఒక్క తన దగ్గరే. వాణ్ని పట్టివ్వగలిగిన చెయ్యి కూడా ఇదొక్కటే.

"సరే మామా" అంది సౌందర్య.

ఆయన అటు తిరిగి పడుకున్నాక గిన్నె పట్టుకుని ఇంటి వెనక సందులోకి పోయింది. ఎర్రోడు వెంట వచ్చాడు. గిన్నె కింద పెట్టింది. వాడు మూతి పెట్టబోతుండగా ఒక రాయి తీసుకుని విసిరింది. పక్కన పడింది. వాడు ఆటనుకుని ఎగిరి, ఆ రాయిని వాసన చూసి, తోక ఊపుతూ ఆమె దగ్గరికే వచ్చాడు. "పో" అంది. పోలేదు. ఆమె కాలి మీద గడ్డం ఆనించాడు. ఆమె కాలితో తోసింది. వంగి ఇంకో రాయి, ఈసారి పెద్దది, తీసుకుని గురిచూసి కొట్టింది. వెనకకాలి మీద పడింది. వాడు కుయ్యోమని అరిచి ఒక చుట్టు తిరిగి, ఆగి, ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకెవరో కొట్టారనుకుని ఆమె వెనక్కి కూడా చూశాడు. అప్పుడు మూడో రాయి వేసింది. అది పక్కటెముకలకు తగిలింది. వాడు మూడు కాళ్ల మీద కుంటుతూ పరిగెత్తాడు. వాడు మలుపు తిరిగే దాకా ఆమె రాళ్లు వేస్తూనే ఉంది.

అరుపు విని కొమురవ్వ గోడ మీంచి తొంగిచూసింది. "ఏమైందే నీకు, నోరులేని దాన్ని సావగొడ్తానవ్. నీ సెయ్యి పడిపోను. అన్నం పెట్టిన సెయ్యేనా గది?"

"నీ కుక్కను మా ఇంటి దిక్కు రానియ్యకు అవ్వా" అంది సౌందర్య. "మల్ల వస్తే సంపుత."

"ఉన్నది పోయేసరికి పిచ్చిలేసినట్టున్నది దీనికి" అంటూ కొమురవ్వ వాడంతా వినబడేలా తిట్టుకుంటూ పోయింది. సౌందర్య సందులోనే గోడకానుకుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ముంగిట్లో మంచం మీద మామకు వినబడకూడదు కదా.

మర్నాడు పొద్దున్నే రాజలింగు నల్లరంగు డబ్బా మూత తీసి, పుల్లతో కలిపి, కోడలిని పిలిచాడు. ఎర్రోడు వీధి చివర కరెంటు స్తంభం దగ్గర, దెబ్బ తగిలిన కాలు పైకెత్తుకుని నిలబడి ఉన్నాడు. సౌందర్య గిన్నెలో మజ్జిగన్నం కలుపుకుని, మామ చూస్తుండగానే వాకిట్లో కూర్చుని, రోజూ ఎలా పిలుస్తుందో అచ్చం అలాగే, అంత మెత్తగానూ పిలిచింది.

"దా ఎర్రోడా. దా నాయినా."

ఆ గొంతు వినగానే వాడు తోక కాళ్ల సందున దూర్చుకుని, మూడు కాళ్ల మీద గుట్ట దిక్కు ఉరికాడు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"అరె, నువ్వు పిలిస్తే సుత రాడేంది?" అన్నాడు రాజలింగు, కుంచె చేతిలో పట్టుకుని.

"ఏమో మామా" అంది సౌందర్య. వాడు గుట్ట మలుపు తిరిగి కనబడకుండా పోయే దాకా చూసి, గిన్నెలో అన్నం గోలెంలో పారబోసి, పొయ్యి ముట్టించడానికి లోపలికి పోయింది.